ఐదు మాటలు

విబిసోనో అనే మనిషికి గుండె ఉండాల్సిన చోట బండరాయి ఉందని తుగిమాన్ ఆ ఉదయమే తేల్చేసుకున్నాడు. తను మోసుకొచ్చిన సలక్ పళ్ల బుట్టవైపు ఆ ప్రొఫెసరు కన్నెత్తి కూడా చూడలేదు. బల్లమీద ముప్పై కాగితాలు పరిచి, తుగిమాన్ కూతురు లారస్‌ను నిలబెట్టి అడుగుతున్నాడు.

"ఇవన్నీ ఇంట్లో కూర్చుని నువ్వే నింపావు. ఒప్పుకో."

"లేదు సార్. ఒక్కొక్కరి ఇంటికీ వెళ్లాను. మా నాన్నే నా సంచి మోశాడు, అడగండి."

"ముప్పై మందీ అరవై దాటినవాళ్లు. నాలుగో తరగతి దాటనివాళ్లు. ఐదు మాటలు వినిపించి పావుగంటయ్యాక అడిగితే, ఒక్కరు కూడా తప్పకుండా ఐదూ చెప్పారా? అదీ అదే వరసలో? అలాంటివాళ్లకి అంత గుర్తుండదమ్మాయ్."

అలాంటివాళ్లు! తుగిమాన్‌కు ఆ మాట ముల్లులా దిగింది. అతనూ నాలుగో తరగతిలో బడి మానేసినవాడే.

"చదువుకోకపోతే తలలో గడ్డి ఉంటుందా సార్?"

"నేనలా అనలేదు పెద్దాయనా. పన్నెండింటికి కాగితాలు పైకి పంపాలి. ఈలోగా నమ్మదగ్గ కారణం చూపించండి. లేదంటే దొంగలెక్కలని రాస్తాను. యూనివర్సిటీలో ఈ పిల్ల పేరు కొట్టేస్తారు."

బయటికొచ్చి, సోతో సూప్ అమ్మే బండి దగ్గర బెంచీమీద కూర్చున్నారు. లారస్ గిన్నె ముట్టుకోలేదు.

లారస్‌ది మెదడు మీద చదువు. నాలుగేళ్లు చదివి, చివర్లో ఏదో ఒక అంశం మీద పరిశోధన చేసి రాయాలి. నిద్ర చాలకపోతే మెదడేమవుతుందని రాస్తానంటే విబిసోనో వద్దన్నాడు. ఫోన్లు చూసే పిల్లల మీద రాస్తానన్నా వద్దన్నాడు. మూడోసారి లారస్ ఇంటికొచ్చి, "బడి మానేసినవాళ్లకి వయసుతో మతిమరుపు ఎలా వస్తుందో మన ఊరివాళ్ల మీదే చూస్తా నాన్నా" అంది.

"ఊరి పరువు తీస్తావా ఏమిటే?" అన్నాడు తుగిమాన్.

అన్నాడే గాని, ఊరుకోలేదు. తొమ్మిది రోజులు సాయంత్రమయ్యేసరికి కాపలా పాక దగ్గర అరటి బజ్జీలు, కాఫీ పెట్టి ముసలివాళ్లందరినీ కూడగట్టాడు. పరీక్షల రోజున సంచి మోస్తూనే, ప్రతి ఇంటికీ ఓ అడుగు ముందే వెళ్లి, "అమ్మాయి వస్తోంది, సిద్ధంగా ఉండండి" అని కేకేశాడు. టీలో చక్కెరనుకుని రెండుసార్లు ఉప్పేసే కర్సి అవ్వ కూడా కళ్లు మూసుకుని, ఊగుతూ, "గంట, నది, చెప్పు, కొబ్బరి, పసుపు" అని గుక్కతిప్పుకోకుండా చెప్పి, తుగిమాన్ వైపు చూసి బోసినోటితో నవ్వింది.

"అందరూ గెలిచారు. ఆ విబిసోనోకి కళ్లమంట" అన్నాడతను ఇప్పుడు.

"గెలవడానికి ఇదేమన్నా పందెమా నాన్నా?" అంది లారస్. "ఎవరు ఎక్కడ మరిచిపోతారో చూడటమే నా చదువు. వాళ్లు మరిచిపోవాలి. కర్సి అవ్వ రెండు మాటలు మరిచిపోయి ఉంటే నేను గట్టెక్కేదాన్ని."

తుగిమాన్ చేతిలో చెంచా ఆగిపోయింది.

"సరిగ్గా చెప్పడమే తప్పా?"

"అందరూ సరిగ్గా చెప్పడం తప్పు."

అతను గిన్నె పక్కకి జరిపాడు. తర్వాత అడిగాడు. "ఇవన్నీ పారేసి, వేరే ఊళ్లో మళ్లీ చేస్తే?"

"దొంగనని రాశాక మళ్లీ ఏముంది? రాయకపోతే చెయ్యనిస్తారు. ఇంకో ఏడాది పడుతుంది. ఆ ఫీజు ఎవరు కడతారు నాన్నా?"

నాలుగేళ్ల చదువుకి పదిహేడు వందల చదరపు మీటర్ల వరిమడి పోయింది. మిగిలింది నాలుగు వందల చదరపు మీటర్ల మిరప చెక్క. ఇంకో ఏడాదంటే అదీ పోతుంది.

తుగిమాన్ లేచాడు.

"ఎక్కడికి?"

"ఆ విబిసోనో దగ్గరికే."

"నాన్నా, నీకు దణ్ణం పెడతా, గొడవ పెట్టుకోకు!"

అతను వినలేదు. మెట్లెక్కుతూ రెండుసార్లు చొక్కా జేబు తడుముకున్నాడు. గోడ గడియారం పన్నెండుకి పది నిమిషాలు తక్కువ చూపిస్తోంది. విబిసోనో కలం మూత తీసి ఉంది.

"మళ్లీ ఏంటి పెద్దాయనా? తిట్టడానికొచ్చారా?"

తుగిమాన్ జేబులోంచి నాలుగు మడతల కాగితం తీశాడు. దాన్నిండా అరటి బజ్జీల నూనె మరకలు. విప్పి, బల్లమీద పెట్టాడు. గంట, నది, చెప్పు, కొబ్బరి, పసుపు. లారస్ కాగితాల్లోంచి అతను చూసి రాసుకున్న వంకర టింకర అక్షరాలు.

"వాళ్లకి బట్టీ పట్టించింది నేనే సార్."