గేటు దగ్గరి దిష్టి

అమెరికాలో, ఆర్కన్సాలోని కోళ్ల ఫ్యాక్టరీ గేటు దగ్గర ఎవరో ముసలామె నోహేలియా చెయ్యి పట్టుకుంది.

"కొత్త సూపర్‌వైజరువి నువ్వేనా అమ్మాయ్?"

"అవును. ఏం కావాలి?"

"చల్లగదిలో అమ్మోనియా గ్యాసు వాసన వస్తోందిగా. అలాంటిదేం లేదని నీచేత చెప్పించారా, ఇంకా లేదా?"

నోహేలియా చెయ్యి విదిలించుకుంది.

ఏళ్ల తరబడి కోళ్ల పేగులు లాగి లాగి వేళ్ళు వంకరపోయాక వచ్చిన పదవి. మెక్సికో ఆడవాళ్ళలో ఇంతదాకా ఎవరికీ దక్కలేదని కోళ్లు కోసే లైనంతా చెప్పుకుంటోంది. మొదటిరోజే ఇదేం అపశకునం!

"చూసి ఓర్వలేక వచ్చిందే," అంది పక్కనే ఉన్న నేస్తం చాయో. "దిష్టి తగిలింది నీకు. సాయంత్రం ఇంటికి రా, గుడ్డుతో తీస్తాను."

తీసింది కూడా. ఆ గుడ్డు పగలగొట్టి గ్లాసు నీళ్ళలో వేసింది.

"చూడవే, అచ్చం కన్నులా లేదూ?"

ఇద్దరూ గబగబా శిలువ గుర్తు వేసుకున్నారు.

మర్నాడు పొద్దున్నే ముసలామె మళ్ళీ ప్రత్యక్షం.

"నా మాట వినవే తల్లీ! లైను ఆపించు. పోతే ఉద్యోగమేగా పోయేది!"

నోహేలియాకు ఒళ్ళు మండిపోయింది.

"ఉద్యోగమేగానా? పోయేది నీదైతే తెలిసేది! ఫెర్మిన్, ఈవిణ్ణి గేటు ఛాయలకు రానివ్వకు."

కాపలావాడు ఫెర్మిన్ నసిగాడు. "అది కాదు మేడం, ఆవిడ..."

"చెప్పింది చెయ్యి!"

అతను ముసలామెను రోడ్డుదాకా పంపించి వచ్చాడు.

ఆ పూటే మేనేజరు పిలిచాడు. ఎన్నడూ లేనిది, కూర్చోమని కుర్చీ చూపించాడు.

"వాసన వాసన అని మీవాళ్ళు ఒకటే గోల. నేను చెబితే నమ్మరు. నువ్వు చెబితే నమ్ముతారు. నిన్ను సూపర్‌వైజర్ని చేసింది ఇందుకేగా!"

నోహేలియాకు ముసలామె మాట గుర్తొచ్చింది. లైను ఆపించాలి. ఆపితే మళ్ళీ పేగులు లాగాలి, లేదంటే ఇంటికి పోవాలి.

"అలాగే సార్," అంది.

లైను దగ్గరికొచ్చి గొంతు పెంచింది. "ఏం లేదర్రా! నేల కడిగిన మందు వాసన. కానివ్వండి."

"నువ్వు చెప్పాక ఇంకేం!" చాయో నవ్వుకుంటూ చల్లగదిలోకి వెళ్ళింది.

మధ్యాహ్నం అక్కడి గ్యాసు గొట్టం పగిలింది.

బయటికి మోసుకొచ్చేసరికి చాయోలో ఊపిరి లేదు.

"పర్వాలేదని చెప్పింది సూపర్‌వైజరే," అన్నాడు మేనేజరు వచ్చినవాళ్ళందరితో.

సాయంత్రానికల్లా నోహేలియాను పనిలోంచి తీసేశారు. గేటు దాటించడానికి ఫెర్మిన్ తోడు నడిచాడు.

"ఆ ముసలామె ఎవరు ఫెర్మిన్?" ఏడుస్తూ అడిగింది. "ఆవిడకి ముందే ఎలా తెలుసు?"

"పొద్దున చెప్పబోతే విన్నారు కాదు. ఎడెల్మీరా అని, చాలా ఏళ్ల కిందటి మాట. ఆవిణ్ణి ఎరిగినవాళ్ళు లైనులో ఎవరూ మిగల్లేదు."

ఫెర్మిన్ ఆమె ముఖంలోకి చూడలేకపోయాడు.

"ఆవిడా ఇక్కడ సూపర్‌వైజరే మేడం, ఆవిడచేతా అలాగే చెప్పించారు, ఆ మాట నమ్మి లోపలికెళ్ళింది ఆవిడ కూతురు."