తలుపు అద్దం

"నాక్కూడానా మేడమ్?" చేతిలో పెట్టిన ప్రశ్నపత్రం చూసి అడిగాడు టవారిస్. కాలేజీ జట్టు ఆటలో మోకాలు చితికేదాకా శనివారాలు స్టేడియమంతా అతని పేరే అరిచేది. ఇప్పుడు చంకకర్రలు బెంచీకి ఆనించి ఉన్నాయి.

"నీక్కూడా," అంది చరిత్ర చెప్పే ప్రొఫెసర్ వినెట్.

"పోయినేడాది రాయకుండానే పాస్ చేశారుగా?"

"అప్పుడు మీ కోచ్ ఫోన్ చేశాడు."

"ఇప్పుడు చెయ్యలేదా?"

"లేదు."

టవారిస్ కాగితం అటూ ఇటూ తిప్పాడు. "ఇందులో ఒక్కటీ రాదు మేడమ్. మీరెప్పుడూ నన్నొక ప్రశ్న అడిగింది లేదు."

ఆమె కాగితాలతో తర్వాతి బెంచీకి నడిచింది.

అంతలో తలుపు అద్దంలోంచి డెల్మర్ తొంగిచూశాడు. ఆటగాళ్లు క్లాసులో ఉన్నారో లేదో చూసిపోవడానికి జట్టువాళ్లు పెట్టిన మనిషి అతను. రోజూలాగే 'ఉన్నాను' అన్నట్టు టవారిస్ చెయ్యెత్తాడు.

డెల్మర్ చూపు అతన్ని దాటి, వెనక బెంచీలోని కొత్త ఆటగాడి మీద ఆగింది. ఫోన్లో ఆ కుర్రాడి హాజరు వేసుకుని వెళ్లిపోయాడు.

టవారిస్ చెయ్యి గాలిలోనే ఉంది.

వినెట్ దగ్గరికొచ్చింది. "చెప్పు, ఎక్కణ్ణుంచి అర్థం కాలేదు?"

"మొదట్నుంచీ మేడమ్," అన్నాడు చెయ్యి దించకుండానే.