దీపం పెట్టని పొద్దు

"అత్తమ్మ దేవునికాడ దీపం వెట్టలే. జూసినవా చెల్లే?"

తోటికోడలు యమున చెవిలో వేసిన ఆ మాటకి, బగారా అన్నంలోకి ఉల్లిగడ్డలు కోస్తున్న సుస్మిత చెయ్యి ఆగిపోయింది. లేచి వెళ్లి దేవుడి గూట్లోకి తొంగిచూసింది. నిజమే. ప్రమిదలో నిన్నటి వత్తి నల్లగా పడి ఉంది. పూలు లేవు, అగరొత్తి లేదు. ఒళ్లు కాలిపోయే జ్వరంలో కూడా దీపం పెట్టాకే చాయ్ తాగే మనిషి నీలవ్వ. అలాంటిది ఇవాళ స్నానం చేసి, గూటి వైపు కన్నెత్తి కూడా చూడకుండా వంటింట్లోకి వెళ్లి కూర్చుంది.

ఇవాళ క్రిస్మస్. ఈ ఇంట్లో ఇదే మొదటిసారి. ఏటా సుస్మిత పిల్లల్ని వెంటేసుకుని జక్రాన్‌పల్లిలోని తల్లిగారింటికి పోయి పండుగ చేసుకొచ్చేది. ఈసారి భర్త గంగాధర్ తన తల్లిని ఒప్పించి, సుస్మిత పుట్టింటివాళ్లందరినీ ఆర్మూరుకే పిలిచాడు. ఒప్పించి అనడం కూడా ఎక్కువే. "మీ ఇష్టం" అంది నీలవ్వ. అత్తలు "మీ ఇష్టం" అంటే అర్థమేమిటో కోడళ్లకు వేరే చెప్పాలా!

గుమ్మానికి కాగితం నక్షత్రం వేలాడుతోంది. ముందు గదిలో ఓ మూలకు పిల్లలు దీక్షిత, చింటు అట్టముక్కలతో కట్టిన పశువుల పాక. అందులో మట్టి ఆవులు, ఎండుగడ్డి, గడ్డి మీద గుప్పెడంత బాలయేసు బొమ్మ. నిన్న సాయంత్రం వాళ్లు నీలవ్వను చెయ్యిపట్టి లాక్కొచ్చి అన్నీ చూపించారు.

"బాపమ్మా, తెల్లారితే మనింట్ల బాబు పుడ్తడు" అంది దీక్షిత.

"మనింట్లనా?" అని ఒక్క మాటే అడిగింది ముసలమ్మ.

"ఆ, మనింట్లనే!" అన్నాడు చింటు. ఆమె వంగి గడ్డి మీది బొమ్మను ఓసారి చూసి లోపలికి వెళ్లిపోయింది.

సుస్మిత భర్త దగ్గరికి నడిచింది. "దీపం ఎందుకు వెట్టలేదో జర అడుగరాదు."

"అవ్వ జోలికి నేను పోను. జరసేపైతే గామెనే సల్లవడ్తది. నువ్వు ఫికర్ జెయ్యకు" అంటూ గంగాధర్ బండి తీసి మటన్ దుకాణానికి పోయాడు. మగవాళ్లకు సరిగ్గా ఇలాంటప్పుడే బయట పనులు గుర్తొస్తాయి.

అంతలో పక్కింటి ముత్తెమ్మ కొబ్బరికాయల సంచితో వాకిట్లోకి వచ్చింది. "నీలక్కా, సోమారం గదా, సిద్ధులగుట్టకు పోదాం. తయారైనవా?"

"నేను రానే. ఇప్పట్ల మేము గుడి మెట్లు ఎక్కద్దు. ఇంట్ల గిట్లయినంక ఎట్లొస్త?"

ముత్తెమ్మ నక్షత్రం వైపు ఓసారి చూసి, తల ఊపి వెళ్లిపోయింది. కిటికీ దగ్గర నిలబడి సుస్మిత అంతా విన్నది.

"నేను జెప్పలేదా? ఇల్లు మైలవడ్డదని అత్తమ్మ మనసుల వడ్డది" అని యమున నిట్టూర్చింది.

సుస్మితకు కోపం రాలేదు. వస్తే బాగుండేది. బాధ వేసింది. ఆ గూటి ముందు తను ఎన్నడూ దండం పెట్టలేదు. కానీ ఆ దీపం వెలుగుతున్న ఇంట్లోనే ఇద్దరు పిల్లల్ని పెంచుకుంది. తన సుస్తీల్లో ఈ అత్తే తలకు నూనె రాసి, జావ కాచి తాగించింది. అలాంటి మనిషి చేత దీపం మాన్పించి చేసుకునే పండుగ ఏం పండుగ? అమ్మావాళ్లు వస్తే వండి పెట్టి, చర్చికి తీసుకెళ్లి, అటునుంచి అటే సాగనంపితే సరి.

స్టూలు వేసుకుని ఎక్కి నక్షత్రం దారం విప్పసాగింది. చింటు రాగం అందుకున్నాడు.

"తియ్యకు మమ్మీ! అమ్మమ్మోళ్లతోని వచ్చే బబ్లు బావ ఇంకా సూడనే లేడు!"

ఆ ఏడుపుకి నీలవ్వ వంటింట్లోంచి విసురుగా వచ్చింది. "పండుగ పూట పోరన్ని ఎందుకు ఏడిపిస్తున్నవే? గా స్టారెందుకు ఇప్పుతున్నవ్?"

"నీకు కష్టమైతున్నది గదా అత్తమ్మా. మా వోళ్లు ఏమనుకోరు. వచ్చే యేడు నుంచి నేను మా అమ్మోళ్లింటికాడనే జేసుకుంట. నువ్వు దీపం వెట్టుకో."

"నాకు కష్టమని ఎవలు జెప్పిండ్రు?"

"ఎవలు జెప్పాలె? దీపం వెట్టలే. గుట్టకు రానన్నవ్..."

నీలవ్వ కోడల్ని చెయ్యిపట్టి స్టూలు మీద నుంచి దింపి, పాక దగ్గరికి తీసుకెళ్లింది. వెనకాలే యమున కూడా వచ్చింది. గడ్డి మీద బొమ్మకు మెడదాకా మెత్తటి పాత చీర ముక్క చుట్టి ఉంది. బుగ్గ మీద నల్లటి కాటుక చుక్క. సుస్మిత అత్త చేతి వైపు చూసింది. చూపుడువేలికి ఆ నలుపు ఇంకా అంటుకునే ఉంది.

"సలికాలం పసిగుడ్డును ఉత్త గడ్డిల పండవెట్టిండ్రు. మీకు జరన్న తెలివుండద్దా?" అని కసిరి, నీలవ్వ చీర ముక్కను ఇంకాస్త పైకి జరిపింది.

"మరి దీపం ఎందుకు వెట్టలేదత్తమ్మా?"

"పిచ్చిదానా, మనింట్ల పిల్లగాడు పుట్టిండు. పురుటి మైల ఎళ్లేదాక దేవునికి దీపమెట్ల వెడ్తనే?"