ఎడమ కాలు

తన ఇంటి తలుపు ఊడదీస్తే ఊరుకోనంది గొబ్నిట్.

ఆమె మాట విన్నదెవరు గనక. పందేనికి చెక్క కావాలి. మట్టి నేల మీద ఆడితే కాలి చప్పుడు ఎవరికి వినపడుతుంది? మా ఐర్లండు కెర్రీలో ఏ డాన్సు పందెమైనా ఊడదీసిన తలుపు మీదే. ఊరి మొత్తానికి బాగా పలికే చెక్క ఆ ఇంటి తలుపే.

గొబ్నిట్ బాధ తలుపు గురించి కాదు. ఈ పందెం ఆమె ఇంట్లో ఉంటున్న ఫినీన్ మాస్టారి పొట్ట కొట్టడానికి.

మాస్టారికి డెబ్బై దాటాయి. కళ్ళకు పొరలు కమ్మాయి. ఊరూరా తిరిగి, చివరికి ఇక్కడ కుదురుకుని పిల్లలకు ఆట నేర్పుతున్నారు. విధవరాలైన గొబ్నిట్‌కు తండ్రి లాంటివారు.

మోతుబరి కోర్మక్‌కు ఆయన పాత ఆటలు ఆనలేదు. నాలుగు జంటలు కలిసి ఆడే ఫ్రాన్సు ఆటలు వచ్చాయి కదా, తన కూతుళ్ళకు అవే కావాలట. లిమెరిక్ నుంచి ఒక మాస్టారిని పిలిపించాడు. పోటీ ఎవరితోనో చెప్పలేదు. ముసలాడొకడున్నాడు, తోసేస్తే చాలన్నాడు.

ఊరికి ఒక్కరే మాస్టారు. ఓడినవాడు మూట కట్టుకుని పోవాలి. చలికాలం నెత్తి మీదికొచ్చింది. ఆ వయసులో ఆయన ఎక్కడికి పోతారు?

"ఇచ్చెయ్యి తల్లీ," అన్నారు మాస్టారు. "ఓడితే మంచి చెక్క మీదే ఓడతాను."

తలుపు ఊడింది. ఊరంతా చుట్టూ మూగింది.

లిమెరిక్ నుంచి వచ్చినతను వెండి గుండీల కోటు వేసుకుని, కోర్మక్ పోసిన సారా తాగుతూ కూర్చున్నాడు. గొబ్నిట్‌కు అతన్ని చూస్తేనే ఒళ్ళు మండింది.

ముందు మాస్టారు ఎక్కారు. ఫిడేలు మొదలైంది. తను స్వయంగా కట్టిన స్టెప్పు కుడి కాలితో వేశారు, మళ్ళీ అదే ఎడమ కాలితో వేశారు. ఏ స్టెప్పయినా రెండు కాళ్ళతో వేస్తేనే లెక్క. మోకాళ్ళు సహకరించక ఒకచోట తడబడ్డారు.

వచ్చినతను గ్లాసు కింద పెట్టి లేచి నిలబడ్డాడు. టోపీ తీశాడు. మాస్టారు దిగేదాకా మళ్ళీ కూర్చోలేదు.

భయం పట్టుకుందిరా అని జనం నవ్వుకున్నారు.

తర్వాత అతనెక్కాడు. కుడి కాలు కదిపాడో లేదో, నవ్వులు ఆగిపోయాయి. వడగళ్ళు పడ్డట్టుంది చప్పుడు. మాస్టారి పని అయిపోయిందనుకుంది గొబ్నిట్.

కుడి కాలి వంతు ముగిసింది. ఇక ఎడమ కాలు వెయ్యాలి.

అతను తల వంచి దండం పెట్టి, తలుపు దిగేశాడు.

నిన్నగాక మొన్న మొదలెట్టిన పిల్లలు కూడా చెయ్యని తప్పు అది. జనం గొల్లుమన్నారు. ఎడమ కాలు ఇంట్లో మరిచిపోయి వచ్చావా నాయనా అని ఎవరో అడిగారు. కోర్మక్ మొహం మాడిపోయింది. పందెం మాస్టారిదే.

వెళ్ళబోతూ అతను గొబ్నిట్ గడప ముందు గుర్రం ఆపి, కాసిని మజ్జిగ ఇప్పించమన్నాడు.

లేవంది. కుండ నిండా ఉన్నాయి.

"ముసలాయన నోటి దగ్గర కూడు లాక్కుందామని వచ్చావు. దేవుడున్నాడు కాబట్టి సరిపోయింది. నీకు ఆట నేర్పిన మహానుభావుడెవరో గానీ, ఆయనకో దండం పెట్టాలి."

"రోజూ పెడుతూనే ఉన్నానక్కా," అన్నాడతను. "ఆయనకు పొయ్యి దగ్గరే పక్క వేస్తావు కదూ?"

"అది నీకెందుకు? నీ దారిన నువ్వు పో."

అతను వెళ్ళిపోయాడు.

క్రిస్మస్ ముందు, సూదులూ రిబ్బన్లూ అమ్ముకుంటూ ఊళ్ళు తిరిగే ఒకతను చలి కాచుకోవడానికి గొబ్నిట్ ఇంట్లో కూర్చున్నాడు. ఆమె అతనికి దుంపలు వడ్డిస్తూ, వెండి గుండీల మాస్టారి కథ నవ్వుతూ చెప్పింది. పొయ్యి దగ్గర పక్క మీద ముసలాయన కూడా నవ్వారు.

ఆ మనిషి మాత్రం నవ్వలేదు.

"వెండి గుండీల మిహాల్ ఎడమ కాలు మరిచిపోవడమేమిటమ్మా? లిమెరిక్ సంతకు మూడు జిల్లాల జనం వచ్చేది ఆ ఎడమ కాలు చూడటానికే."

గొబ్నిట్ చేతిలో గరిటె ఆగిపోయింది. మరి ఇక్కడెందుకలా చేశాడని అడిగింది.

"నాకేం తెలుసు. ఒక్కటి మాత్రం తెలుసు, ఏ ఊరు వెళ్ళినా అందరినీ ఒకే మాట అడుగుతాడు పాపం. దిక్కులేని పిల్లాడిగా ఉన్నప్పుడు చేరదీసి, అన్నం పెట్టి, ఆట నేర్పిన ఫినీన్ మాస్టారని ఒకాయన ఉండేవారు, ఎక్కడైనా కనిపించారా అని."