తలకిందుల కాకి

"దీంట్లోంచి ఎదురింటి వంటగది కనబడుతుందా?"

టెలిస్కోపుల దుకాణం యజమాని కళ్లజోడు నుదుటి మీదికి నెట్టుకుని ఆమెకేసి చూశాడు. ఈ ప్రశ్న అతనికి కొత్త కాదు. కాకపోతే ఇంత కోపంగా ఎవరూ అడగరు.

"బ్రహ్మాండంగా కనబడుతుందమ్మా. పొయ్యి మీద ఏముందో కూడా చెప్పెయ్యొచ్చు."

"అయితే వద్దు. తీసి లోపల పెట్టెయ్యండి."

పక్కనే ఉన్న భర్త ఆ పొట్టి టెలిస్కోపును వదల్లేక వదల్లేక వదిలాడు.

ఆమె బాధ ఆమెది. ఇంటి ముందుగదిలో మిషను పెట్టుకుని బట్టలు కుడుతుంది. పనంతా ఎదుటి భవనంలోని ఆడవాళ్లదే. ఆయన ముప్పై ఏళ్లు ఇంటింటికీ తిరిగి కరెంటు మీటర్లు చూసి రిటైరయ్యాడు. ఆ కళ్లు ఖాళీగా ఉండలేకపోయాయి కాబోలు, రెండు నెలల కిందట ఒక బైనాక్యులర్ కొనుక్కొచ్చి కిటికీ దగ్గర తిష్ట వేశాడు. చూసి ఊరుకున్నా బాగుండేది. "మూడో అంతస్తావిడ కర్టెన్లు మార్చిందోయ్!" "రెండో అంతస్తులో ఫ్రిజ్ తలుపు తెరిచే ఉంది, పావుగంటైంది!" అంటూ వీధి వీధంతా వినబడేలా వార్తలు చదివేవాడు. దాంతో ఆయనకి బైనాక్యులర్ బాబాయ్ అని పేరొచ్చింది. ఆమె దగ్గరికి కొలతలివ్వడానికి వచ్చేవాళ్లు ఒక్కొక్కరే రావడం మానేశారు. పదిహేనేళ్లు చేతులు కాయలు కాసేలా కుట్టి నిలబెట్టుకున్న పని కళ్లముందే జారిపోతుంటే ఆమెకి ఏడుపొక్కటే తక్కువ.

నిరుడు ఒకసారి ఆయన టెలిస్కోపు కొందామంటే, "ఆ గొట్టం పెట్టడానికి ఇంట్లో చోటేదీ?" అని ఆమే కొట్టిపారేసింది. అప్పుడే కొనిపెట్టి ఉంటే ఈ తలనొప్పి ఉండేది కాదు కదా అని ఇప్పుడు తెగ బాధపడుతోంది. అందుకే ఇవాళ చెయ్యి పట్టుకుని లాక్కొచ్చింది.

"ఇంకోటి చూపించండి. ఆకాశం తప్ప ఇంకేం కనబడకూడదు" అంది.

యజమాని లోపల్నుంచి, నమూనాకి ఉంచిన ఒక సన్నని పొడుగాటి గొట్టాన్ని రెండు చేతులా ఎత్తుకొచ్చాడు.

"ఇది గ్రహాల కోసమేనమ్మా. అడుగున నాలుగున్నర అంగుళాల అద్దం. గొట్టం పొడుగెక్కువ కాబట్టి బొమ్మ పెద్దగా పడుతుంది. కాకపోతే ఒక్కసారికి కనబడేది చిటికెడు చోటే. దగ్గరి వస్తువులైతే మసక."

ఆమె మెడలో వేలాడుతున్న టేపు తీసి గొట్టాన్ని కొలిచింది. మీటరుకి నాలుగు వేళ్లు ఎక్కువే ఉంది. గుమ్మంలో నిలబెట్టించి ఎదుటి దుకాణం బోర్డు చూసింది. ఆవిరి పట్టిన గాజులా ఉంది తప్ప ఒక్క అక్షరం తెలియలేదు. దూరంగా ఉన్న నీళ్ల ట్యాంకు వైపు తిప్పించింది. ట్యాంకు అంచు పట్టుకుని ఒక కాకి తలకిందులుగా వేలాడుతోంది. అది కూడా పూర్తి కాకి కాదు, తోకా రెండు కాళ్లూ.

"ఇదేంటండీ, బోర్లా పడింది?"

"అద్దాల టెలిస్కోపు అలాగే చూపిస్తుందమ్మా. గ్రహానికి తలేది, కాళ్లేవి?"

ఆమె మొహం చాటంతైంది.

"తలకిందుల మనుషుల్ని చూసి నేనేం చేసుకోను?" అని గొణిగాడు భర్త.

"మీరు చూడాల్సింది మనుషుల్ని కాదు."

"గ్రహాల్లో ఏముందే? ఒక సంసారమా, ఒక గొడవా?"

"శనికి వలయాలున్నాయి సార్, గురుడికి చారలున్నాయి" అన్నాడు యజమాని.

"ఇన్నాళ్లూ నాకు పట్టిన శని ఎలా ఉంటుందో ఇక మీరే చూసుకుందురుగాని" అంది ఆమె.

ఆయన గొట్టం మూతిలోకి తొంగిచూసి పెదవి విరిచాడు. "ఈ లోపలి అద్దం గోరంతే ఉంది. దీంతో ఏం కనబడుతుంది?"

"అదెంత చిన్నదైతే గ్రహం అంత తేటగా ఉంటుంది సార్."

"విన్నారుగా! నోరు మూసుకోండి."

"సరే, తేలికపాటి స్టాండైనా ఇప్పించు. అటూ ఇటూ తిప్పుకోవచ్చు."

"తిప్పుకోవడానికేగా మీ తాపత్రయం! ఏమండీ, ఉన్నవాటిలో బరువైంది వెయ్యండి. మేడెక్కిందంటే మళ్లీ దిగకూడదు. కంటి దగ్గర పెట్టే కటకం ఇంకోటి కూడా ఇవ్వండి. ఒక్కదాంతో విసుగొస్తే ఈయన మళ్లీ కిటికీ దగ్గరికి చేరతారు."

పాత బైనాక్యులర్ తీసుకుని ఆ మేరకు ధర తగ్గించమని కూడా పట్టుబట్టింది. యజమాని తల గోక్కున్నాడు, నసిగాడు, చివరికి ఒప్పుకున్నాడు. భర్త మెడలోని బైనాక్యులర్‌ను తీసి బల్ల మీద పెట్టి, కన్నబిడ్డను వదిలి వెళ్తున్నట్టు నిట్టూర్చాడు. ఆమెకి ఒక్క క్షణం జాలేసింది గాని బయటపడలేదు.

"మీ అదృష్టమమ్మా. ఇవి ఆర్డరిస్తే తప్ప చెయ్యరు. ఒకటి నిన్ననే వచ్చింది" అంటూ యజమాని పెట్టె తెచ్చిచ్చాడు.

ఇంటికి రాగానే ఆయన స్టాండు భుజాన వేసుకుని మూలుగుతూ మేడెక్కాడు. ఆమె కిటికీలోంచి ఎదుటి భవనానికి కేకేసింది. "రేపట్నుంచి రండమ్మా, ఇక మా ఆయన ఆకాశం తప్ప ఏమీ చూడరు!" మూడు బాల్కనీల్లోంచి నవ్వులు వినబడ్డాయి. ఇద్దరు వస్తామని చేతులూపారు కూడా. ఆమె ప్రాణం కుదుటపడింది.

హుషారుగా కత్తెర తీసుకుని పెట్టె మీది టేపు కోసింది. మూత లోపలివైపు ఒక ఆర్డరు చీటీ అంటించి ఉంది. తేదీ మూడు నెలల కిందటిది. నాలుగున్నర అంగుళాల అద్దం, మీటరు దాటిన గొట్టం, గోరంత చిన్నద్దం, అన్నిటికన్నా బరువైన స్టాండు, అదనంగా ఇంకో కటకం. దుకాణంలో తను పోట్లాడి సాధించినవన్నీ వరుసగా రాసి ఉన్నాయి. ఎవరో పాపం, ముచ్చటపడి చేయించుకుని తీసుకెళ్లడం మరిచిపోయారు అనుకుంటూ చీటీ అడుగుకి చూపు దించింది.

సంతకం ఆయనదే.