ఎత్తిన సెయ్యి

జగన్నాయకులు బాబూ,

నీ మీద కోపం నాకు ఇన్నేళ్లయినా సల్లారలేదు. సేపల కావిడితో ఎండనపడి మీ ఊరొచ్చి దాహం అడిగితే, "ఒరే తవిటిగా, దూరంగా ఉండి దోసిలి పట్టు" అని సెంబు పైకెత్తి పోసేవోడివి. వొంగి తాగుతా నీకేసి సూసి, నీ ఇంట దీపం ఆరిపోవాలని కోరుకునేవోణ్ణి. తొంభైతొమ్మిది తుఫానుకి నీ జీడితోట కూలితే నా ఉసురే తగిలిందని సంబరపడ్డాను.

నేను ఎవరినీ తక్కువ సూడనని రొమ్ము ఇరుసుకు తిరిగినోణ్ణి. నిన్న కొండమీంచి సవరజాతి ముసలిది అనాసపళ్ల గంపతో మా బారువ సంతకొచ్చి, నా గుమ్మం కాడ ఆగింది.

"నీళ్లియ్యి అన్నా" అంది.

పక్కనే గ్లాసుంది. నా సెయ్యి సెంబునే పైకెత్తింది. సెప్పకుండానే ఆ ముసలిది వొంగి దోసిలి పట్టింది.

తాగుతా నాకేసి సూసింది. ఒకప్పుడు నేను నిన్ను సూసిన సూపే అది. నా ఎనకాల ఉయ్యాల్లో మనవరాలుంది, బాబూ.

ఇప్పుడు నువ్వు ఎవరడిగినా గ్లాసుతోనే ఇచ్చి, పక్కన కూకోబెడతన్నావట. ఎత్తిన సెయ్యి ఎలాగ దించేవో రాయి. గురువారం సంతకి ఆయమ్మ మల్లా వత్తాది. ఈలోగా నాకు జవాబు రావాల.

తవిటయ్య