ఆదివారం షిఫ్టు

“సెలవు పెట్టనంటే పెట్టను. ఇంక ఆ మాట ఎత్తకు,” అంటూ అతను కంచం పక్కకు నెట్టాడు.

ఆమె గరిటెను గిన్నెలో పడేసింది. “కన్ను మీ అమ్మది, మా అమ్మది కాదు. లోపల ఒత్తిడి పెరిగింది, వెంటనే ఆపరేషన్ చేయించండి, పోయిన చూపు మళ్ళీ రాదు అని డాక్టరు నెత్తీ నోరూ కొట్టుకుని చెప్పాడు. ఆదివారం ఆస్పత్రి ఉండదు. మీరొక్కరోజు వెళ్ళకపోతే కంపెనీ మునిగిపోతుందా?”

“మునిగేది కంపెనీ కాదు, మనం. పక్కూరి ఫ్యాక్టరీ మూసేశారు. ఏటవతలిదీ మూసేశారు. ఇక మిగిలింది మనదే. మీరెంత ఎక్కువ పని చూపిస్తే పైవాళ్ళతో నేనంత గట్టిగా మాట్లాడతానని మేనేజరు అందరి ముందూ అన్నాడు. ఇలాంటప్పుడు నేను సెలవు పెడితే నలుగురూ ఏమనుకుంటారు?”

గోడవారన తింటున్న అతని తమ్ముడు నవ్వాడు. “నలుగురూ ఏమనుకుంటారో నన్నడుగు అన్నయ్యా. ఆదివారం షిఫ్టుకి రానన్నానని నా పేరే మార్చేశారు. బద్ధకం బాబట!”

“ఉన్నమాటేగా,” అన్నాడు అన్న.

“సరే, బద్ధకం బాబే అమ్మని తీసుకెళ్తాడు. జీతం కోస్తే కోసుకోనీ.”

మంచం మీదనుంచి తల్లి గొంతు లేచింది. “నీతో నేను రాను. ఊరు ఊరంతా ఒళ్ళు వంచుతుంటే మధ్యాహ్నం దాకా ముసుగుతన్ని పడుకునేవాడితోనా? మీ నాన్నా నేనూ అక్కడే బూట్లు కుట్టి మిమ్మల్ని పెంచాం. ముందు ఆ ఫ్యాక్టరీ నిలబడనీ. నా కన్ను ఎక్కడికీ పారిపోదు.”

“ఒళ్ళు వంచితే జాలిపడేవాళ్ళే అయితే ఏటవతల ఎందుకు మూశారమ్మా?”

“అక్కడ నీలాంటివాళ్ళు ఎక్కువై ఉంటారు.”

తమ్ముడు చెయ్యి కడుక్కుని లేచిపోయాడు.

ఆ వారమే భార్య తన అక్కని చూడటానికి పక్కూరు వెళ్ళింది. బస్సు ఊళ్ళోకి రావడం మానేసిందట, కండక్టరు పెద్దరోడ్డు మీదే దింపేశాడు. ఫ్యాక్టరీ వీధిలో కొట్లన్నీ షట్టర్లు దించుకుని ఉన్నాయి. బట్టలకొట్టు ముందు కుక్క పడుకుని ఉంది, దాన్ని అదిలించేవాళ్ళు కూడా లేరు. పిల్లలు తగ్గిపోయారని బడిలో మూడు తరగతులనీ ఒకే గదిలో కూర్చోబెట్టారు. బావ అరుగుమీద కూర్చుని, పనికి వెళ్ళేవేళకి తయారైన మనిషిలా చొక్కా గుండీలు పెట్టుకుంటూ, విప్పుకుంటూ ఉన్నాడు.

“పొద్దున్నుంచీ ఇంతే,” అంది అక్క. “ఏమన్నా అంటే ఏడుస్తాడని నేనేమీ అనను.”

ఆమెకి ఒళ్ళు మండిపోయింది. ఇన్నేళ్ళు కంపెనీవాళ్ళు ఈ మనిషి రెక్కల కష్టం తిన్నారు. ఊరి నీళ్ళు వాడుకున్నారు, ఊరి కాలువని నల్లగా చేశారు. ఇప్పుడు విస్తరి ఎత్తేసినంత తేలిగ్గా లేచిపోయారు. అడిగే నాథుడు లేడు.

తిరిగొచ్చాక ఆమె సెలవు మాట మళ్ళీ ఎత్తలేదు. పైగా తనే ప్యాకింగ్ సెక్షన్‌లో ఆదివారం షిఫ్టుకి పేరిచ్చింది.

ఊరంతా అదే పట్టుమీద ఉంది. టీకొట్టు తాత ఫ్లాస్కులతో గేటు దగ్గరికొచ్చి డబ్బు పుచ్చుకోకుండా టీ పోసేవాడు. “మీరుంటేనే కదయ్యా నా కొట్టు,” అనేవాడు. ముసలివాళ్ళు పిల్లల్ని చూసుకున్నారు. జ్వరంతో ఉన్నవాళ్ళు కూడా మిషన్ల ముందు కూర్చున్నారు. గోడౌన్ నిండిపోయింది. తర్వాత క్యాంటీన్లో బల్లలు తీసేసి అక్కడా పెట్టెలు పేర్చారు. కూలీలంతా ఎండలో నిలబడి అన్నం తిన్నారు.

“తిండి జాగా కూడా బూట్లకిచ్చేశాం. ఇంకేం కావాలో అడగండి ఆ మహారాజుల్ని!” అని ఆమె అంటే అందరూ పగలబడి నవ్వారు. మేనేజరు కూడా నవ్వాడు. మిఠాయి పంచి, ఇలాంటి జనాన్ని తన జన్మలో చూడలేదన్నాడు.

ఇంట్లో అత్త టీ గ్లాసులో పోయబోయి నేలమీద పోయడం మొదలుపెట్టింది. చివరికి మరిదే ఆవిణ్ణి ఎత్తుకున్నంత పనిచేసి ఆటో ఎక్కించాడు. డాక్టరు కోప్పడ్డాడు. కుడికన్ను కాపాడగలనన్నాడు. ఎడమకంటికి ఆలస్యమైపోయింది.

“ఒక కన్ను చాల్లే,” అంది అత్త, కట్టుతో ఇంటికొచ్చి. “ఫ్యాక్టరీ దక్కితే అంతే చాలు.”

మర్నాడు పైవాళ్ళు కార్లలో వచ్చారు. అందరినీ ఆవరణలోకి పిలిచారు. అత్తకి కంట్లో మందు వెయ్యాలని ఆమె ఇంటి దగ్గరే ఉంది. మరిది కూడా వెళ్ళలేదు.

భర్త తొందరగా తిరిగొచ్చాడు. గుమ్మంలో కూర్చున్నాడు. ముగ్గురూ అతని చుట్టూ చేరారు.

“మూసేస్తున్నారు,” అన్నాడు, మంచినీళ్ళు అడిగినంత మెల్లగా. “రేపట్నుంచి ఎవరూ రావక్కర్లేదన్నారు.”

ఆమె మరిది మీద విరుచుకుపడింది. “చూశావా? సంతోషమేనా? నీలాంటి పదిమంది ముసుగుతన్ని పడుకోబట్టే ఇలా అయింది! ఇంకాస్త చేసుంటే మన ముఖం చూసేవాళ్ళు. ఆవిడ కన్ను పోగొట్టుకుంది, నేను పిల్లల ముఖం చూడటం మానేశాను, నువ్వు మాత్రం...”

మరిది తల వంచుకున్నాడు.

అత్త గోడ తడుముకుంటూ కొడుకు పక్కన కూర్చుంది. “ఎన్ని జతలు తక్కువయ్యాయిరా?”

“తక్కువ కాలేదమ్మా. వేరేచోట వీళ్ళ కొత్త ఫ్యాక్టరీ లేవడానికి ఏడాది పడుతుందట.”

అతను భార్య ముఖంలోకి చూడలేకపోయాడు.

“ఆ ఏడాదికి సరిపడా మనమే కుట్టిచ్చాం.”